ఇగ్వానా తిన్న మందారాలు

ఈ రోజు నేను పాఠాలు చెప్పే రాజోలు బడికి ఒకాయన ఇగ్వానాని తీసుకొచ్చారు. చూడ్డానికి మన తొండలాగే ఉంటుంది గానీ రెండు మూరల పొడవు. ఊరూరా బళ్లకి వెళ్లి పిల్లలకి జంతువుల గురించి చెప్పడం ఆయన పని. బయట ముసురు పట్టి ఉండడంతో, దానికి చలి తగలకుండా తువ్వాలు చుట్టి ఒళ్లో పెట్టుకున్నారు.

"తిండి కంటే వెచ్చదనానికే ఖర్చండి. రాత్రీ పగలూ బల్బు వెలుగుతుండాలి. జబ్బు చేస్తే హైదరాబాదు తీసుకెళ్లాలి. మా ఆవిడ గొలుసు అమ్మిన డబ్బు దీని గూటికే పోయిందండి" అని నవ్వారు.

ఆరో తరగతి సత్యవేణి లేచి, "మరెందుకండీ పెంచడం?" అంది.

"దీన్ని ఒక్కసారి నిమిరిన పిల్లలు, తొండ కనిపిస్తే రాయి తియ్యరమ్మా. అందుకు."

పిల్లలు ఒక్కొక్కరే వచ్చి దాన్ని నిమిరారు. దానికి మందార పూలంటే ఇష్టమని ఆయన చెప్పగానే పరుగెత్తి బుట్టెడు కోసుకొచ్చారు.

సాయంత్రం ఇంటికొస్తే మా అత్తగారు గుమ్మంలోనే నిలబడ్డారు. బడి పక్కిల్లు మాదే మరి.

"మీ పిల్లలు మన మందార చెట్టు దులిపేసేరమ్మాయ్!"

సంగతంతా చెప్పాను. ఆవిడ, "పోన్లే, తిందా మరి?" అన్నారు.

"ఆయ్, కడుపునిండా తిందండి" అన్నాను.

రేపు పూజకి ఎవరి పెరట్లో పూలున్నాయో కాస్త చెప్పండి.