చెవులు మూసుకోని మనిషి

మా నాయన కళ్యాణదుర్గంలో చెనిక్కాయల మిల్లులో వేరుశనగ కాయలు కొట్టే మిషన్ నడిపేవాడు. బడి నుంచి వస్తూ నేను ఆ గేటు దగ్గర నిలబడితే మోతకు గుండెలు అదిరేవి. నాయన మాత్రం ఆ మోతలో హాయిగా బీడీ కాల్చుకునేవాడు. ఉన్నట్టుండి “రాయి పడింది” అని మిషన్ ఆపేవాడు. లోపల చూస్తే నిజంగానే గోలీ అంత రాయి ఉండేది. ఆ పొట్టు దుమ్ము, వేడెక్కిన బెల్టు వాసన, సాయంత్రం ఆయన జేబులోంచి తీసి నా చేతిలో పోసే విత్తనాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ప్రాణం లేచొస్తుంది. తర్వాత వరసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్లు వచ్చాయి, మిల్లు మూతపడింది. ఇప్పుడు అక్కడ ఇటుకలు అమ్ముతున్నారు.

మిల్లు ఇంకా నడుస్తుండగానే, నేను అనంతపురంలో డిగ్రీ చదివే రోజుల్లో, నాయన ఎడమచెవిలో హోరు మొదలైంది. లేచి నిలబడితే తల తిరిగేది. చెవి డాక్టరుకు చూపించాను. ఒక్క చెవిలోనే హోరు ఉంది కాబట్టి లోపలి నరం మీద గడ్డేమీ లేదని తేల్చుకోవాలని, బెంగళూరులో ఎమ్మారై స్కానింగ్ తీయించమని రాశాడు. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాడు. ఆ స్కానింగ్ మిషన్ బాగా మోత చేస్తుందట. చెవులు సరిగ్గా మూసుకుంటే భయం తక్కువే గానీ, హోరు అసలు పెరగదని మాత్రం మాటివ్వలేనన్నాడు.

నాయన ఆ చివరి ముక్క పట్టుకున్నాడు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక అన్నాడు.

“గడ్డ ఉండాదో లేదో ఎవురికీ తెల్దు. కుడిచెవి బాగుండేది మటుకు నాకు తెలుసు. ఉండే చెవిని పోగొట్టుకునేకి బెంగళూరు దాకా ఎందుకు పోవల్ల?”

“గడ్డ ఉంటే పెరుగుతాది నాయనా. మోత అంతా కలిపి అరగంట.”

“నీకేమమ్మా, సైన్సు చదువుతాండావు. మిల్లు నడిపేది నేను గదా.”

వారం రోజులు ఇదే పంచాయితీ. అమ్మ ఇద్దరికీ అన్నం పెట్టి, ఎవరి పక్కా మాట్లాడలేదు. అప్పట్లో నాకు తెలియనిది లోకంలో లేదనుకునేదాన్ని. చివరికి అన్నం మానేశాను. దానికి లొంగాడు.

బెంగళూరులో స్కానింగ్ చేసే ఆయన నాయన చెవుల్లో స్పాంజి బిరడాలు దూర్చి, పైన హెడ్‌ఫోన్లు పెట్టాలని చెప్పి, నన్ను బయటికి పంపాడు. తలుపు వేసినా టకటకలు, గుర్రుమనడాలు వినిపించాయి. తిరుగు బస్సు పావగడ దాటాక నాయన చల్లగా చెప్పాడు.

“ఆయప్ప హెడ్‌ఫోన్లు తెచ్చేకి అట్ల తిరిగినప్పుడు కుడిచెవిలోది తీసేస్తి.”

ఎందుకు తీశావని కసిరాను.

“మిషన్ కాడ చెవులు మూసుకుంటారా ఎవురన్నా? లోపల ఏమన్నా ఇరిగితే ఎట్ల తెలుస్తాది?”

ఇరవై ఏళ్లుగా ఆయన అందరికీ చెప్పే పాఠం అదే. చెవులకు గుడ్డ చుట్టుకుని వచ్చిన కూలీని మిషన్ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. మిషన్ గొంతు మారితే విననివాడు వేళ్లు పోగొట్టుకుంటాడని తిట్టేవాడు. నేను డాక్టరు చెప్పిన మంచీ చెడూ అంతా బేరీజు వేశాను గానీ, మా నాయన ఎలాంటివాడో అందులో వేయలేదు. నాకు ఆయన మీద కోపం వచ్చింది, దానికి రెట్టింపు నా మీద వచ్చింది.

తెల్లారేసరికి కుడిచెవిలోనూ హోరు మొదలైంది. మాటలు దూరం నుంచి వస్తున్నట్టున్నాయన్నాడు. నాలుగో రోజు రిపోర్టు వచ్చింది. గడ్డ లేదు. ఎగిరి గంతేయాల్సినదాన్ని, కాగితం పక్కన పెట్టి కుడిచెవి సంగతి చెప్పడానికి డాక్టరుకు ఫోన్ చేశాను. మోతకు దూరంగా ఉంచమని, వారంలో తగ్గకపోతే తీసుకురమ్మని చెప్పాడు. మిల్లుకు పోనివ్వలేదు. రోజూ వెనకనుంచి మెల్లగా పిలిచి చూసేదాన్ని. పలికేవాడు కాదు. ఒకసారి ఆయన వెనక్కి తిరిగి చూడడంతో పట్టుబడ్డాను.

“ఏమ్మా, నన్ను గంగిరెద్దును చేసి ఆడిస్తాండావా?” అన్నాడు. నవ్వలేకపోయాను.

వారం నిండిన మధ్యాహ్నం, మర్నాడు డాక్టరు దగ్గరికి పోవాలని సంచీ సర్దుతున్నాను. నాయన ముందర అరుగు మీద పడుకుని ఉన్నాడు. ఆయన చొక్కా మడత పెడుతుంటే దుఃఖం ఆగలేదు. ఉన్న ఒక్క చెవినీ నేనే పోగొట్టాననిపించింది. వంటింటి మూలకు పోయి, ఓణీ నోట్లో కుక్కుకుని, గట్టిగా చప్పుడు రాకుండా వెక్కివెక్కి ఏడ్చాను.

“పాపా,” అని అరుగు మీదనుంచి నాయన గొంతు వినిపించింది. “ఏడ్చింది చాల్లే. ఈడికి రా.”