మిరప కల్లం మీదికి దిగబోయిన విమానం

మా అన్నయ్య చెప్పే కథ నమ్మకండి. "మా చెల్లి కునికిపాట్లు పడుతూ పక్క చేలో ఆయిలింజను చప్పుడు విని విమానం అనుకుంది" అని పెళ్లిళ్లలో చెప్పి అందర్నీ నవ్విస్తుంటాడు. ఊళ్లోవాళ్లది ఇంకో కథ. యుద్ధంలో పోయిన తెల్లదొర విమానమట! రెండూ తప్పే. ఆ రాత్రి అన్నయ్య జ్వరమని దోమతెరలో ఉన్నాడు. ఊరివాళ్లు వాళ్ల మంచాల మీద ఉన్నారు. కల్లంలో కాయకి కాపలాగా మెలకువతో ఉన్నది ఇద్దరమే... నేను, కూలికొచ్చే మరియమ్మ.

ఇది జరిగింది. విమానం నడిపిన గంటలు రాసే లాగ్‌బుక్‌లో ఎగరని నిమిషం ఒక్కటి కూడా రాసుకోలేదు నేను. రాసుకుంటే డబ్బులొచ్చేవి, అయినా రాసుకోలేదు. అలాంటిదాన్ని, మీ దగ్గర అబద్ధమాడి ఏం సంపాదిస్తాను?

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. ఒక ఫ్లయింగ్ క్లబ్బులో విమానం నడపడం నేర్పేదాన్ని. వినడానికి ఎంత బావుందో కదా! చక్రాలు నేల వదిలితేనే నాకు డబ్బులు. పొగమంచు పడితే లేదు. పెట్రోలు రాకపోతే లేదు. ఉన్న రెండు విమానాల్లో ఒకటి రిపేరుకొస్తే సగం నెల బల్ల మీద కూర్చోవడమే. నా దగ్గర నేర్చుకున్నవాళ్లు పెద్ద విమానాలు ఎక్కేశారు. నేను షేర్ ఆటోలో ఓ పక్కకి వేలాడుతూ క్లబ్బుకి వెళ్లేదాన్ని.

విసుగొచ్చేసింది. గుంటూరులో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఉద్యోగం దొరికింది. నెల తిరిగేసరికి జీతం. సోమవారం చేరాలి. ఇది శనివారం రాత్రి సంగతి.

కల్లం అంటే మాకు పాత రన్‌వేనే. అద్దంకి అవతల, ఎప్పుడో యుద్ధకాలంలో తెల్లదొరలు సిమెంటు పోసి వదిలేసి పోయారు. చుట్టూ నల్లరేగడి. అంత చదునైన గట్టి నేల ఇంకెక్కడ దొరుకుతుంది? కాయ కోతకొస్తే రైతులందరూ అక్కడే ఆరబోస్తారు. ఆ చివర వలస కూలీలు పిల్లల్ని పక్కలో వేసుకుని ఆ సిమెంటు మీదే పడుకుంటారు. పందులు రాకుండా రాశికో లాంతరు.

ఆ లాంతర్లు ఎవరికి తోచినట్టు వాళ్లు పెట్టి పోయారు. నాకు చూడబుద్ధి కాలేదు. ఒక్కొక్కటీ జరిపి అటొక వరస, ఇటొక వరస, తిన్నగా సర్దాను. ఎందుకంటే ఏం చెప్పను? అలవాటు.

"పెళ్లి ఊరేగింపులా ఉంది పాపా" అంది మరియమ్మ. తర్వాత నా ఉద్యోగం సంగతి అడిగింది. చెప్పాను.

"గాల్లో ఉంటేనే కూలా? మరి నేల మీద ఉన్నప్పుడు ఏం తింటావు?"

"మా అన్నయ్య తిట్లు తింటాను."

"మా మేస్త్రి ఎంత దొంగసచ్చినోడైనా రంగుపోయిన తాలుకాయ ఏరినందుక్కూడా ఇస్తాడమ్మా. మీ మేస్త్రెవరో ఇంకా గట్టోడు."

"సోమవారం నుంచి మానేస్తున్నాలే."

ఆమె వక్క నమలడం ఆపింది. "మానెయ్. కానీ... నీ దగ్గర నేర్చుకున్నోళ్లు నీ మాట ఇంటారా?"

"వింటారు. వినకపోతే చస్తారు."

"అయితే సగం కూలి అదేలే" అని దుప్పటి ముసుగేసుకుంది.

తెల్లవారుజాము. మంచుకి కాయ ఘాటు బరువెక్కి నేలనంటుకుని ఉంది. గాలి లేదు. ఆకు కదలడం లేదు. అప్పుడు... ఎక్కడో పడమటి నుంచి... సన్నగా.

ఇంజను. ఆయిలింజను కాదు. నాలుగు సిలిండర్ల ట్రైనర్ విమానం. ఏళ్ల తరబడి ఆ చప్పుడు వెనకాలే కూర్చున్నదాన్ని, నాకు తెలియదా?

లైటు లేదు. ఎంత వెతికినా ఆకాశంలో ఏమీ లేదు. చప్పుడొక్కటే. అది తగ్గింది. పవర్ తీసేశాడు... దిగుతున్నాడు. ఈల లాంటి గాలి చప్పుడు. ఆ మధ్యలో...

గుర్... గుర్... గుర్.

దిగ్గున లేచి నిలబడ్డాను. చెప్తాను ఎందుకో. పవర్ తీసి చాలాసేపు దిగుతుంటే ఇంజను చల్లబడిపోతుంది. అందుకని మధ్యలో ఒకసారి పవర్ ఇచ్చి తగ్గించాలి. అందరూ ఒక్కసారే ఇస్తారు. నేను మాత్రం మూడు నేర్పుతాను, పొట్టిగా, వరసగా. నాకు నేర్పినాయన కూడా "ఏంటమ్మా నీ విమానానికి ఈ దగ్గు" అని ఎగతాళి చేసేవారు. ఆ దగ్గు నాది. నా దగ్గర నేర్చుకున్న పిల్లలది.

మళ్లీ... గుర్... గుర్... గుర్. ఈసారి కిందకి. నా వైపుకి.

అప్పుడు చూశాను లాంతర్లని. రెండు వరసలు. తిన్నగా. పైనుంచి చూసేవాడికి అది కల్లం కాదు... దీపాలు పెట్టిన రన్‌వే! పెట్టింది నేను. ఆ చివర పిల్లలు నిద్రపోతున్నారు.

పరుగెత్తాను. ఒకటి ఆర్పాను. రెండు ఆర్పాను. ఎన్నని ఆర్పను? ఈల దగ్గరికొచ్చేసింది... తలమీదికి... ఇక నా నోట్లోంచి అదే వచ్చింది, పక్క సీట్లో కూర్చుని అరిచే అరుపు.

"గో ఎరౌండ్! ఫుల్ పవర్! పైకి లే!"

ఇంజను ఒక్కసారిగా గర్జించింది. నా మాట పూర్తవడం, అది లేవడం... ఒకటే క్షణం. గాలి లేని ఆ రాత్రి లాంతర్ల మంటలన్నీ ఒకే వైపుకి వాలిపోయాయి. ఎండుమిర్చి దుమ్ము లేచింది. కల్లం మొత్తం దగ్గు. పిల్లల ఏడుపులు. తూర్పుకి వెళ్లిన ఆ చప్పుడు దూరమవుతూ సన్నబడలేదు... ఠక్కున ఆగిపోయింది.

మరియమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని నా చెయ్యి పట్టుకుంది. ఆ మూడు దగ్గుల సంగతి నేనింకా ఆమెకి చెప్పలేదు. తనే అంది: "పాపా... అది మూడేసిసార్లు గొంతు సవరించుకుంది. విన్నావా?"

తెల్లారాక పత్తి చేలు, పొగాకు చేలు తిరిగాం. ఒక్క మొక్క విరగలేదు. క్లబ్బుకి ఫోన్ చేశాను. రెండు విమానాలూ షెడ్డులో ఉన్నాయి, ఒకదానికి ప్రొపెల్లరే లేదు. ఎస్టీడీ బూత్‌లో కూర్చుని నేను నేర్పిన పదకొండు మందికీ వరసగా ఫోన్ చేశాను. అందరూ పలికారు. ఒకడైతే "మేడమ్, ఆదివారం కూడా క్లాసేనా?" అన్నాడు. ఏడుపొచ్చింది నాకు.

సోమవారం గుంటూరు వెళ్లలేదు. ఇంకో తొమ్మిదేళ్లు ఆ కూలికే నేర్పాను. పిచ్చిదన్నారు, అనుకోనివ్వండి. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ "మూడుసార్లు ఇవ్వు" అని చెప్పేటప్పుడు వాడి మొహంలోకి చూసేదాన్ని. ఆ రాత్రి పైన ఉన్నది వీడా... అని.

మిర్చి దుమ్ము లేచింది గాలి దుమారానికి అంటాడు అన్నయ్య. సరే, గాలికి చెవులుంటాయా? పదకొండు మందీ నేల మీదే ఉంటే, ఆ చీకట్లో నా మాట విని పైకి లేచింది ఎవరు?