రెండూ ఎడమ చేతులే

చౌటుప్పల్‌లో యూనిఫాం కుట్టించుకోవడానికి వెళ్లినప్పుడల్లా, బట్టలో కత్తెర కరకర నడిచే చప్పుడు వినగానే నా కాలు ఊగడం మొదలవుతుంది. కుదురుగా నిలబడలేను. నారాయణపేటలో బట్టలు కుట్టే సత్తెక్క మిషన్ గుర్తొస్తుంది.

తెలంగాణ రాష్ట్రం వచ్చాక కానిస్టేబుల్ ఉద్యోగాల కోసం కాచుకున్నవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఒకసారి రాసి తప్పాను. గొర్లు కాసే మా నాయిన "గీసారి రాకపోతే ఇగ సాలు బిడ్డా" అనేశాడు. సత్తెక్క ఇంట్లో కిరాయికి ఉండి చదివేదాన్ని. పరీక్షలో నన్ను ముంచినవి బొమ్మల ప్రశ్నలు. మొదటి బొమ్మ రెండోదిగా ఎలా మారిందో చూసి, మూడోది అలాగే మారితే ఏమవుతుందో చెప్పాలి. నాకు ఓపికేది? మొదటి జంటను చూడకుండానే జవాబుల మీద పడేదాన్ని. తిప్పిన త్రికోణానికీ, అద్దంలో కనిపించే త్రికోణానికీ తేడా తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం పుస్తకం విసిరికొట్టి, "ఊకె కూసోలేను, ఏదన్న పని చెప్పక్కా" అన్నాను. ఎదురింటి టీచరమ్మ కుట్టమని ఇచ్చిన జాకెట్‌కు చేతులు కత్తిరించమంది సత్తెక్క. కాగితం నమూనా పెట్టి ఒక చెయ్యి కత్తిరించాను. దాన్ని బోర్లించకుండా అలాగే పెట్టి రెండోదీ కత్తిరించాను. సత్తెక్క చూసి తల పట్టుకుంది.

"రెండూ ఎడమ చేతులే గదనే!"

"తిప్పి కుట్టరాదా అక్కా?"

"తిప్పు, చూస్త."

ఎటు తిప్పినా ఎడమ చెయ్యే. బోర్లిస్తే కుడిదయింది గానీ, బట్ట లోపలివైపు పైకొచ్చింది. అది చీరతో వచ్చిన ముక్క, మళ్లీ దొరకదు. నాకు ఏడుపొచ్చింది.

"తిరుగుడు వేరు, బోర్లుడు వేరు. నీ బొమ్మకు ఏమైందో ముందుగాల నోటితోని చెప్పు. గప్పటిదాంక జవాబుల దిక్కు సూడకు" అంది సత్తెక్క. పాడైన జాకెట్ గురించి టీచరమ్మకు ఏం చెప్పుకుందో నేను అడగలేదు.

ఈసారి పరీక్ష హాల్లో తొందరపడకుండా అరచేతులు బల్ల మీద పెట్టుకుని, ప్రతి బొమ్మకూ "తిరిగిందా, బోర్లిందా" అని గొణిగాను. ఉద్యోగం వచ్చింది.

శిక్షణ అయ్యాక యూనిఫాంలో సత్తెక్కకు కనిపించాలని నేరుగా వెళ్లాను. టీచరమ్మ కొలతలిస్తూ అక్కడే ఉంది. "సత్తెమ్మా, గప్పటి లెక్క మల్ల రెండు ఎడమ చేతులు పెట్టకు" అని నవ్వింది. "అవ్ టీచరమ్మా, గప్పుడు నా చెయ్యే తప్పింది" అంది సత్తెక్క, నా వైపు చూడకుండా సూదిలోకి దారం ఎక్కిస్తూ. కత్తిరించింది నేనన్న మాట నోటిదాకా వచ్చింది. ఒంటి మీద కొత్త యూనిఫాం ఉంది. సిగ్గుపడి ఊరుకున్నాను.

ఇప్పుడు స్టేషన్‌లో ఎవరైనా "తప్పు నాదే" అని ఒప్పుకుంటే వెంటనే నమ్మను. ఏమైందో ముందు నోటితో చెప్పమంటాను. నేను చేసిన తప్పు మాత్రం ఇంకా సత్తెక్క పేరు మీదే ఉంది.