అమ్మ నీళ్ళు పోసిన బిడ్డ

ఆ ఏడు సమ్మర్‌లో, అమెరికాలో మేముండే బాతెల్‌లోని మా చర్చి వాళ్ళు ఆఫ్రికాలో మలావీ దేశంలోని ఒక పల్లెకి మిషన్ ట్రిప్ వెళ్తుంటే, నాతోపాటు అమ్మ కూడా పేరిచ్చింది. గుంటూరులో గవర్నమెంట్ ఆస్పత్రి నర్సుగా రిటైరై, అప్పటికి కొన్ని నెలలుగా నా దగ్గరే ఉంటోంది.

"ఈ వయసులో అంత ప్రయాణం ఎందుకమ్మా?" అన్నాను.

"ఇక్కడ కూర్చుని డిష్‌వాషర్ సర్దడం కంటే నయమేలే" అంది.

అక్కడ మాకిచ్చిన పని క్లినిక్ గోడలకి రంగులేయడం, పిల్లలకి పాటలు నేర్పడం. అమ్మ మాత్రం రంగు డబ్బా ముట్టుకోలేదు. అక్కడి నర్సు పక్కన చేరి దూది చుట్టడం, గాయాలు కడగడం మొదలుపెట్టింది.

ఒకరోజు పొద్దున్నే, నొప్పులు పడుతున్న ఒక అమ్మాయిని సైకిల్ క్యారియర్ మీద కూర్చోబెట్టి తీసుకొచ్చారు. ఇరవై ఏళ్ళుంటాయేమో. తొలి కాన్పు. మధ్యాహ్నానికి పుట్టిన బిడ్డ ఏడవలేదు. నర్సు, అమ్మ చాలాసేపు ప్రయత్నించారు. లాభం లేకపోయింది.

నర్సు బిడ్డని గుడ్డలో చుట్టి, బయట కూర్చున్న ఆడవాళ్ళకి ఇవ్వబోయింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, మాట సాయానికి అక్కడే ఉన్న నావైపు తిరిగింది.

"ఆ పిల్లకి బిడ్డని చూడాలనుందేమో అడగమను."

నేను ఇంగ్లీషులో చెప్తే నర్సు వాళ్ళ భాషలో అడిగింది. ఆ అమ్మాయి కళ్ళు తెరవకుండానే తలూపింది.

అమ్మ గోరువెచ్చటి నీళ్ళు తెప్పించింది. స్టూల్ మీద కూర్చుని కాళ్ళు చాపి, బతికున్న బిడ్డకి పోసినట్టే మెడ కింద చెయ్యేసి నీళ్ళు పోసింది. తన మెత్తటి నేత చీర ఒకటి చింపి చుట్టి, ఆ అమ్మాయి ఒడిలో పెట్టింది. గుమ్మం దగ్గర నిలబడ్డ మా టీమ్ లీడర్, "ప్రేయర్ చేద్దామా?" అని నెమ్మదిగా అడిగాడు.

"కాసేపు ఆగమని చెప్పు. ముందు బిడ్డని చూసుకోనీ" అంది అమ్మ.

ఆ అమ్మాయి ఒక్కొక్క వేలూ విప్పి చూసింది. ఆ తర్వాత వచ్చింది ఏడుపు. అంత ఏడుపు నేనెప్పుడూ వినలేదు. పొద్దు వాలకముందే ఆడవాళ్ళు బిడ్డని తీసుకెళ్ళి పాతిపెట్టారు.

తిరిగొచ్చాక ఒక ఆదివారం చర్చిలో మా ట్రిప్ ఫోటోలు వేశారు. రంగులేసిన గోడలు, నవ్వుతున్న పిల్లలు. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ మధ్యలోనే లేచి బయటికి వెళ్ళింది. వెనకే వెళ్తే కార్ పక్కన నిలబడి ఉంది. డోర్ తీసి, నేనూ ఎక్కాను. సీట్ బెల్ట్ పెట్టుకుంటూ చెప్పింది.

"నీకంటే ముందు నాకొక మగపిల్లాడు. ఇలాగే."

తాళం తిప్పబోయి ఆగాను.

"మత్తు దిగేసరికి తీసుకెళ్ళిపోయారు. మీ నాన్నగారు చూశారు. ఎవరి పోలిక అని అడిగితే, మర్చిపో అన్నారు. ఆయన పోయేదాకా మళ్ళీ అడగలేకపోయాను."

నలభై ఏళ్ళు వచ్చేదాకా నేనే తొలి బిడ్డననుకున్నాను.

"పేరేమన్నా అనుకున్నావా అమ్మా?"

"అనుకున్నాను" అంది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ పేరేంటో చెప్పలేదు. నేనూ అడగలేదు.