మూడు బోర్డులు, ఒక లేత్ మిషన్

ఈ ఉదయం మా నగరంలో వర్క్‌షాపులుండే చూలై పేటలో నడుస్తుంటే, లేత్ మిషన్ మీద ఇనుము తిరిగే చోట కాలిన నూనె వాసన ముక్కుకు తగిలింది. ఆ వాసన వస్తే నాకు వసుంధర గారు గుర్తొస్తారు. ఆమె చేతికి ఎన్నడూ ఆ నూనె అంటలేదు. పాతికేళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసి, ఒక విభాగానికి అధిపతి అయి, యాభై దాటాక ఆ పదవి వదిలి, కొత్త కంపెనీలకు పెట్టుబడి పెట్టే సంస్థ మొదలుపెట్టిన మనిషి.

నేను వ్యాసర్పాడి వాణ్ణి. ఆమె పాత కంపెనీలో స్టోర్స్ గుమాస్తాని. డిగ్రీ లేదు, పాత పుస్తకాలు కొని లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. ఒక నివేదికలో చూపిన కంప్యూటర్లు నేను లెక్కించినవాటికంటే పదిహేడు ఎక్కువ ఉన్నాయని ఆమెకు చెప్పినందుకు, ఆ కంపెనీ వదిలి వెళ్తూ నన్ను వెంట తీసుకెళ్లారు. కొత్త ఆఫీసులో ఆమె ఒక పద్ధతి పెట్టారు. పెట్టుబడి నిర్ణయించే సమావేశంలో అందరికంటే చిన్న ఉద్యోగి ముందు మాట్లాడాలి, ఆమె చివర. పెద్దవాళ్లు ముందు చెబితే మిగిలినవాళ్లు తలూపుతారని, అలాంటి తలల్ని చాలా చూశానని అనేవారు. ఆరుగురిలో అందరికంటే చిన్న ఉద్యోగం నాదే.

మొదటి పెట్టుబడి కార్తీక్ కంపెనీలో పెట్టాలని ఆమె మనసు. అతను ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడు. చిన్న వర్క్‌షాపులకు ఫోన్ యాప్‌లో ఆర్డర్లు తెచ్చిపెడతాడు. నగరంలో నాలుగు వందల వర్క్‌షాపులు చేరాయని రాశాడు. ఆ జాబితాలో చూలై పేర్లు అరవై ఏరుకుని రెండు రోజులు తిరిగాను. ఒక షెడ్డుకు మూడు బోర్డులున్నాయి, లోపల మిషన్ ఒకటే.

"మిగతా రెండు షాపులు ఎక్కడున్నాయన్నా?" అని అడిగాను.

"ఈడేనప్పా. పొద్దున నాది, మద్దేనం మా బావమరిదిది, సాయంత్రం నాయుడిది. మిషన్ ఒకటైతే ఏం, విజిటింగ్ కార్డులు మూడుండాయి గదా" అని నవ్వాడు ఆ షెడ్డాయన.

అబద్ధం ఎవరూ చెప్పలేదు. కార్తీక్ మనుషులు కార్డులు లెక్కపెట్టారు. అరవై పేర్ల వెనుక నాకు కనబడిన మిషన్లు ఇరవై మూడు. మేడంకి నచ్చినదాన్ని కాదంటే నా ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. డిగ్రీ లేని నన్ను అలాంటి కుర్చీలో ఇంకెవరూ కూర్చోబెట్టరు.

"కొంచెం ఎక్కువ చూపించినట్టుండాది మేడం" అన్నాను సమావేశంలో.

"కొంచెం అంటే ఎంతయ్యా మునిరత్నం? కూరలో ఉప్పు సంగతా?" అన్నారు ఆమె.

"అరవైకి ఇరవై మూడు మేడం. ఆర్డర్లు పెరిగితే ఆడ చేసేదానికి మిషన్ లేదు."

అందరూ మాట్లాడాక, చివర ఆమె వద్దన్నారు. కార్తీక్‌కు తనే ఫోన్ చేశారు. "కార్డులు కాదు నాన్నా, మిషన్ ఖాళీగా ఉండే గంటలు లెక్కపెట్టు. అప్పుడు రా."

అతను రాలేదు. వేరేవాళ్ల పెట్టుబడితో, ఆమె చెప్పిన గంటల లెక్కతోనే కంపెనీని పెద్దది చేశాడు. ఆ వార్త వచ్చాక జరిగిన సమావేశంలో, మా భాగస్వాముల్లో ఒకాయన "ఈసారి చూలై పండితుణ్ణి చివర అడుగుదాం" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

వసుంధర గారు నవ్వలేదు. "ఆ ఇరవై మూడు ఇవాళ కూడా ఇరవై మూడే. కార్తీక్ దిద్దుకుంటాడని నమ్మకపోవడం నా తప్పు. మిషన్లు లెక్కపెట్టడం ఇతని పని, మనిషిని అంచనా కట్టడం నా పని" అన్నారు. నా వైపు తిరిగి, "కాగితం తియ్యవయ్యా. ముందు నువ్వే" అన్నారు.

ఆమె పోయి రెండేళ్లయింది. ఇప్పుడు ఆ బల్ల దగ్గర చివర మాట్లాడేది నేను. కొత్తగా చేరినవాళ్లు అంకె చెప్పబోతూ, నాకు ఏది ఇష్టమో తెలుసుకోవడానికి నా ముఖం వైపు చూస్తారు. వాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా నేను తల ఎత్తను.