తెర వెనక తాళం

ఒక్క పాటకు చెయ్యి ఊపి, కుదరబోయే పెళ్లిని నిండా ముంచుకోబోయిన మొనగాణ్ణి నేను. ఎలాగో చెబుతాను. నవ్వదలిస్తే ఇప్పట్నించే మొదలుపెట్టండి, తర్వాత తీరిక దొరకదు.

లోకంలో పాట వినేవాళ్లు రకరకాలు. కొందరికి పాడేవాడు గొంతు విప్పగానే కన్నీళ్లొస్తాయి. కొందరు కాలు కదిలిస్తూ, చుట్ట కాలుస్తూ హాయిగా వింటారు. ఇంకొందరికి పాటంటే పక్కవాడితో మాట్లాడుకోవడానికి మంచి సమయం. నేను వీళ్లెవరిలోనూ చేరను. మా అమ్మ జోల పాడితే ఏడ్చేవాణ్ణట, ఆపితే నిద్రపోయేవాణ్ణట. శిశువులకూ పశువులకూ పాములకూ కూడా గానరసం తెలుసని పెద్దలంటారు. ఆ మూడింటిలో చేరే యోగ్యత నాకు పుట్టినప్పుడే లేదు.

అలాంటి నాకు పోచంపల్లిలో ఒక సంబంధం వచ్చింది. నేనప్పుడు నల్లగొండలో చిన్న గుమాస్తాను. మాదీ మగ్గాల ఇల్లే గానీ, పాలమూరు దిక్కు మా ఊళ్లో నేసేవి సాదా ధోవతులు. పోచంపల్లి రంగుల రుమాళ్ల పని నేనెన్నడూ చూడలేదు. పిల్ల తండ్రి ఊరి భజనకు పెద్ద. తన పాట వింటూ ఆవులించాడని అంతకుముందొక పెళ్లికొడుకును మంచినీళ్లయినా ఇవ్వకుండా పంపేశాడట. ఈ మాట మా మేనమామ బస్సు దిగాక చెప్పాడు.

"నీకు పాటంటే పానమని చెప్పిన రా."

"గదేంది మామా! నాకు పాటకూ పిండిగిర్ని చప్పుడుకూ ఫరక్ తెల్వదు గద!"

"ఫికర్ జెయ్యకు. పక్కోళ్లు ఎట్ల ఊగితె గట్ల ఊగు. నోరు మాత్రం తెరవకు."

వెళ్లి కూర్చున్నాం. పిల్ల మంచినీళ్ల చెంబు తెచ్చి ఇచ్చింది. అది నా చేతిలోంచి జారబోతే, ఇంకాసేపు తనే పట్టుకుంది. ఉన్నమాట చెబుతున్నాను, ఆ పిల్ల నాకు అప్పుడే నచ్చింది. ఈ సంబంధం తప్పిపోతే బతకడం కష్టమనిపించింది.

హార్మోనియం వచ్చింది. పెద్దాయన భజన ఎత్తుకున్నాడు. నేను పక్కవాళ్ల వైపు చూశాను. ఏం చెప్పమంటారు! ఒక్కడూ ఊగడే! అందరూ కళ్లు మూసుకుని మట్టిబొమ్మల్లా కూర్చున్నారు. మా మేనమామ అయితే నిజంగానే నిద్రపోయాడు. చూసి రాద్దామంటే ఒక్క పలకా కనబడని పరీక్ష అది.

అప్పుడు కనిపించింది, ఆ చెయ్యి. లోపలి గది గుమ్మానికి అడ్డంగా పాత చీర కట్టి ఉంది. దాని అంచు పక్క నుంచి గాజుల చెయ్యి ఒకటి పైకి పోతోంది, కిందికి వస్తోంది, మళ్లీ పైకి పోతోంది. ఎంత ఒడుపు! ఈ ఇంటి ఆడవాళ్లు తెరచాటున తాళం వేస్తారు కాబోలు అనుకున్నాను. మునిగేవాడికి గడ్డిపోచే ఆధారమంటారు. నాకు ఏకంగా చెయ్యే దొరికింది.

నేనూ కుడిచెయ్యి ఎత్తాను. అది లేస్తే లేపాను, దిగితే దించాను. పెద్దాయన ఓరగా చూసి సంతోషపడ్డట్టే కనిపించాడు. దాంతో ఊపొచ్చి మెడ కూడా కలిపాను. పాట నెమ్మదించింది, చెయ్యి నెమ్మదించలేదు. ఇదేదో గొప్ప విద్య అనుకుని నేనూ వదల్లేదు. చివరికి పాట ఆగింది. హార్మోనియం ఆగింది. చెయ్యి ఆగలేదు. నాదీ ఆగలేదు.

"ఏం జేస్తున్నవు బిడ్డా?" అన్నాడు పెద్దాయన.

"తాళమేస్తున్న మామా."

"పాట అయిపాయె గద?"

"నాకు... లోపట ఇంకా నడుస్తాంది."

ఆయన నా చూపు పోతున్న వైపు తలతిప్పి, లేచి చీర పక్కకు లాగాడు. లోపల పిల్ల తల్లి కూర్చుని ఉంది. ఆమె ముందు అర్ధచంద్రంలాంటి చట్రం, దాని నిండా మేకులు. రుమాళ్లకు రంగులద్దే ముందు నూలునంతా చేత్తో ఆ మేకుల చుట్టూ తిప్పాలి. దాన్నే ఆసు పోయడం అంటారు. పెళ్లిచూపులైనా, పిడుగు పడినా ఆ పని ఆగదు.

"జూడుండ్రి, పెండ్లికొడుకు ఆసు వోస్తుండు!" అని ఎవరో అరిచారు. ఇల్లంతా గొల్లుమంది. ఆ చప్పుడుకు మా మేనమామ ఉలిక్కిపడి లేచి, "వాహ్వా! వాహ్వా!" అన్నాడు.

పెద్దాయన మాత్రం నవ్వలేదు. "పాట ఇననోనికి నా బిడ్డనియ్య. ఇగ లేవుండ్రి."

నా ప్రాణం ఉసూరుమంది. గుమ్మంలో పిల్ల తల దించుకుని నిలబడింది. మేము చెప్పులు వెతుక్కుంటుంటే, పిల్ల తల్లి ఆసు ముందు నుంచి లేవకుండానే భర్తతో అంది:

"జర ఆగుండ్రి. మీ పాట ఇనేటోళ్లు ఊరంత ఉన్నరు. పెండ్లయిన కాంచి నా చెయ్యి గిట్లనే తిరుగుతాంది, దీని దిక్కు ఒక్కనాడన్న జూసిండ్రా? గీ పిలగాడు పాటంత సేపు దీన్నే జూసిండు. బిడ్డను గీయనకే ఇయ్యాలె."

పెద్దాయన ఆ చేతి వైపు ఒకసారి చూసి, మమ్మల్ని మళ్లీ లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టాడు.

పెళ్లయింది. మొదటిసారి అత్తగారింటికి పోతే, కాళ్లు కడుక్కోగానే మా అత్త నన్ను ఆసు ముందు కూర్చోబెట్టింది. "మంచిగ తిరిగే చెయ్యి గద, జర ఆసు పొయ్యి అల్లుడా" అంది. సాయంత్రానికి భుజం లేవలేదు. అన్నం నా భార్యే కలిపి పెట్టింది. ఆ తర్వాత ఎప్పుడు పోయినా అదే మర్యాద.

కాబట్టి అగ్నిసాక్షిగా, ఆసు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఎవరు పాడినా, ఎంత గొప్పగా పాడినా, రెండు చేతులూ తొడల కింద పెట్టుకునే కూర్చుంటాను.