మా గది అక్క అట్టిపెట్టుకున్నది

అక్క పోయింది. హాస్టల్ ఆంటీ ఫోన్ చేసినప్పుడు నేను అమీర్‌పేటలో, మా కోచింగ్ సెంటర్ ల్యాబ్‌లో ఒక సీపీయూ విప్పి ముందేసుకుని కూర్చున్నాను. "పోయిందే బిడ్డా, పొద్దుగాల్నే" అని ఇంకేం చెప్పలేక ఆంటీ పెట్టేసింది. స్క్రూలు అక్కడే వదిలేసి ఎర్రమంజిల్ దాకా నడిచాను. జబ్బు తిరగబెట్టాక వాళ్ళన్నయ్య అక్క కోసం అక్కడ ఇల్లు తీసుకున్నాడు. గుమ్మంలో ఉండగానే చుట్టాలావిడ ఒకామె గొంతు వినిపించింది. "ఆ రోజే మొత్తం తీయించేసుకుని ఉంటే బతికుండేది. ఏం చూసుకుని అంత మొండితనమో!"

శవం ముందు గొడవెందుకని నోరు మూసుకున్నాను. ఇక్కడ మూసుకోను.

అక్క నాకు రక్తసంబంధం కాదు. ఎస్.ఆర్. నగర్‌లో లేడీస్ హాస్టల్, మా గదిలో అందరికన్నా పెద్దది, అందుకని అక్క. గుడివాడ వైపు నుంచి సాఫ్ట్‌వేర్ కోర్సుకని వచ్చి, బేగంపేటలో టెస్టింగ్ ఉద్యోగం తెచ్చుకుంది. నేను ఇంటర్ తప్పి సిద్దిపేట నుంచి వచ్చినదాన్ని. కంప్యూటర్లు నాకెవరూ నేర్పలేదు. విప్పి, పాడుచేసి నేర్చుకున్నాను. ఆ సంగతి తెలిసి నవ్వనిది ఆ హాస్టల్లో అక్క ఒక్కతే. ఆదివారం డాబా మీద మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి తలలకు నూనె పెట్టేది. చిక్కు గట్టిగా లాగి, "ఏడవకు, అయిపోయింది" అనేది. అయిపోయేది కాదు.

ఇప్పుడు ఒక గొలుసు సంగతి చెప్పాలి. మా హాస్టల్లో పెళ్ళికాని పిల్ల ఎవరైనా ఆడవాళ్ళ డాక్టర్ దగ్గరికి పోవాలంటే మెడలో నల్లపూసలు వేసుకుని పోయేది. అక్కడ తెలిసినవాళ్ళు ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని భయం. ఆంటీ బీరువాలో గిల్టు గొలుసు ఒకటి అందుకే ఉండేది. నెలసరి తప్పినా, కడుపులో నొప్పొచ్చినా, "జర ఏసుకొని పో బిడ్డా" అని ఆంటీ తీసిచ్చేది. మాలో ఒక్కరికీ అది తప్పనిపించలేదు. అందరం వేసుకున్నవాళ్ళమే.

అక్కకు పొట్ట ఉబ్బరంగా ఉంటోందని పంజాగుట్టలో ఒక ఆసుపత్రికి పోయినప్పుడూ ఆ గొలుసే. స్కానింగ్‌లో గడ్డ కనపడింది. ఊరి నుంచి అన్నయ్య వచ్చాడు. నల్లపూసలు చూసి అక్కడి కుర్ర డాక్టరు ఆయన్నే భర్త అనుకున్నాడు. అన్నయ్య కాదనలేదు. కాదంటే గొలుసు గురించి అడుగుతారని ఆయన బాధ. పిల్లలున్నారా అంటే తలూపాడట. ఆ తలూపడంతో కేసు షీటు మీద అక్క పిల్లల తల్లి అయిపోయింది. గర్భసంచి, రెండు అండాశయాలు, అన్నీ తీసెయ్యాలని రాసేశారు. అక్కకు మాత్రం నీటిగడ్డ అని చెప్పారు.

ఆపరేషన్ ముందురోజు సాయంత్రం నర్సమ్మ బీపీ చూస్తూ, "పిల్లల్ని ఎవరి తాన ఇడిసి వచ్చినవ్ బిడ్డా?" అంది.

"ఏ పిల్లలు?" అంది అక్క.

నర్సమ్మ షీటు చూసింది. అక్క అన్నయ్యను చూసింది. ఆయన కిటికీ వైపు తిరిగాడు. అక్క గొలుసు తీసి నర్సమ్మ చేతిలో పెట్టి, "ఇది హాస్టల్‌ది. నాకు పెళ్ళి కాలేదు. పెద్ద డాక్టరమ్మని పిలుస్తారా?" అంది.

డాక్టరమ్మ వస్తూనే మండిపడింది. "ఇట్ల అబద్ధాలు చెప్తే ఎట్లమ్మా? రేపు మొత్తం తీసేసేదాన్ని!" తర్వాత మంచం మీద కూర్చుని తిన్నగా చెప్పింది. అది నీటిగడ్డ కాదు, కేన్సర్‌లాగే ఉంది. ఎడమవైపే కనపడుతోంది. తెరిచి చూసి, అక్కడికే పరిమితమైతే ఆ అండాశయం, దాని గొట్టం తీసి, కుడివైపుదీ గర్భసంచీ ఉంచొచ్చు. పాకి ఉంటే ఉంచడం కుదరదు. ఉంచితే ఏళ్ళ తరబడి చూపించుకుంటూ ఉండాలి. "మళ్ళీ రాదని మాటివ్వలేను. అన్నీ తీసినా ఆ మాట ఇవ్వలేను."

"మొత్తం తీసెయ్యండి డాక్టర్ గారూ. మనిషి దక్కితే చాలు" అన్నాడు అన్నయ్య ఏడుస్తూ.

"అన్నయ్యా, నా గురించైతే నాతో మాట్లాడు" అంది అక్క. అరవలేదు. "ఉంచండి మేడమ్. ఉంచగలిగితేనే."

ఉంచగలిగారు.

తర్వాత కీమో మందు ఎక్కించినన్నాళ్ళూ జుట్టు రాలింది, నెలసరి ఆగింది. గుండుతోనే డాబా ఎక్కేది. "నా వంతు నూనె మిగిలింది, నీ నెత్తికే పెడతా రా" అని నన్ను లాగేది. ఒకరోజు అడిగేశాను, "గంత ఇష్టమా అక్కా నీకు పిల్లలంటే?"

"ఏమో, తెలీదే" అంది. "అందుకేగా ఉంచమన్నది. తెలిసేదాకా ఉండాలిగా."

ఒక సాయంత్రం పెద్ద మిఠాయి డబ్బాతో దిగి గది గదికీ పంచింది. అమీర్‌పేటలో మిఠాయికి రెండే కారణాలు. "జాబా, వీసానా?" అని ఆంటీ వెంటపడింది. "రెండూ కాదు ఆంటీ, తినండి" అని నవ్వింది. ఆగిన నెలసరి మళ్ళీ వచ్చిందని నాకొక్కదానికే చెప్పింది. అక్క ముఖంలో అంత వెలుగు అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

ఆ చుట్టాలావిడకు నేను చెప్పాల్సింది ఇదీ. అక్క మొండికెయ్యలేదు. అడిగింది, విన్నది, ఎంచుకుంది. ఒక్క చెకప్ కూడా ఎగ్గొట్టలేదు. మీలాంటివాళ్ళ నోళ్ళే ఒక ఆడపిల్లను డాక్టర్ దగ్గరికి ఆమెలాగా పోనివ్వలేదు, గిల్టు గొలుసు వేసి పంపాయి. దాని గురించి మాట్లాడండి ముందు.

ఇది రాస్తున్నాను గానీ నాకు నిద్ర లేదు. తలకు నూనె రాసుకుంటే నా చేతుల పక్కన ఇంకో రెండు చేతులున్నట్టు అనిపిస్తుంది. వెనక్కి తిరగను. ఎవరూ ఉండరని తెలుసు.

జబ్బు తిరగబెట్టినప్పుడు స్కానింగ్‌కు నేనే తోడు వెళ్ళాను. డాక్టరమ్మే స్వయంగా చూసింది. ఈసారి కాలేయం పక్కన వచ్చింది. చాలాసేపు అక్కడే చూసి, గొంతు తగ్గించి అక్కతోనే చెప్పింది.

అక్క అంతా విని, "మేడమ్, నాకు మిగిల్చింది?" అంది.

డాక్టరమ్మ స్కానింగ్ పరికరాన్ని అక్క పొట్ట కిందివైపుకు జరిపి చూసింది. "శుభ్రంగా ఉందమ్మా. అక్కడ ఏమీ లేదు."

"నాకు చూపిస్తారా?"

స్క్రీన్ అక్క వైపు తిప్పింది. బూడిదరంగు మసకలో గుండ్రటి నల్లచుక్క ఒకటి, అంచులు నున్నగా. ఈ నెల అండం దాంట్లో ఉందని, రేపోమాపో విడుదలవుతుందని డాక్టరమ్మ చెప్పింది.

"పాపం" అంది అక్క. "దానికింకా ఎవరూ చెప్పలేదు."

పొట్ట మీద పరికరం ఇంకా తీయకుండానే, జెల్లు తుడుచుకోమని డాక్టరమ్మ కాగితం ఇచ్చింది. అక్క దాన్ని చేతిలో పట్టుకుని, మెడ పక్కకు తిప్పి అలాగే పడుకుంది. చుక్క కొద్దిగా కదులుతోంది, అక్క ఊపిరితో పాటు.